చిన్నపిల్లలకి ఉపమ, రూపకం గుర్తుపట్టడం నేర్పేదెలా: సంచి ఆట నుంచి పొడుపు కథల దాకా

"లాగా ఉంటే ఉపమ అని మా వాడికి చెప్పానండీ, ఇప్పుడు ఎక్కడ లా కనపడినా గీత గీసేస్తున్నాడు, ఎలా అన్నా ఉపమే, ఇలా అన్నా ఉపమే" అని ఒకావిడ అడిగారు, ఆ తర్వాత దాదాపు అదే ప్రశ్న ఇంకో నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట వరసగా రాసేస్తున్నా. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు ఏడెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని తెలుగు చెప్తుంటా, అక్కడ చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి కుదుర్చుకున్న పద్ధతి ఇది. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకి సరిపోతుంది.

ముందే ఒక మాట. నేను మొదటి ఏడాది రెండో తరగతి పిల్లలకి బోర్డు మీద ఉపమేయం, ఉపమానం అని రాసి మొదలుపెట్టా. పది నిమిషాల్లో ఒకడు ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాడు, ఇంకొకత్తి చెప్పు బకిల్ పీకుతోంది. ఆ రెండు మాటలూ చివర్లో వస్తాయి, మొదట్లో కాదు.

1. ముందు పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సింది

ఇది మీకోసం, పిల్లలకి చెప్పకండి. ఉపమ అంటే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చెప్పడం. "ఇడ్లీ మల్లెపూవులా తెల్లగా ఉంది" అనే వాక్యం తీసుకోండి.

• ఇడ్లీ: దేని గురించి చెప్తున్నామో అది, ఉపమేయం
• మల్లెపూవు: దేనితో పోలుస్తున్నామో అది, ఉపమానం
• తెల్లగా: రెండిట్లో ఉన్న ఒకే లక్షణం, సమానధర్మం
• లా: పోలిక చెప్పే మాట, ఉపమావాచకం

నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. "ఇడ్లీ మల్లెపూవులా ఉంది" అని ఆపేస్తే సమానధర్మం పోయింది, అది వినేవాడే వెతుక్కోవాలి. పిల్లలకి కష్టమయ్యేది సరిగ్గా ఇక్కడే. ఇంక "ఈ ఇడ్లీలు మల్లెపూలు!" అన్నారనుకోండి, లా కూడా పోయింది, ఇడ్లీనే మల్లెపూవు చేసేశాం, అది రూపకం దారి.

పోలిక చెప్పే మాట ప్రతి ఇంట్లో ఒకటే ఉండదు. పుస్తకంలో వలె అని ఉంటుంది, కొందరిళ్ళల్లో లా, లాగా అంటారు, తెలంగాణలో "పులి లెక్క ఉరికిండు" అంటారు, పువ్వోలె అంటారు, రాయలసీమ వైపు మాదిరి అంటారు. మీ ఇంట్లో ఏది నడుస్తుందో దాంతోనే మొదలుపెట్టండి, పుస్తకం మాట తర్వాత అదే వస్తుంది. నేను ఇక్కడ లా అని రాస్తున్నా, మీరు లెక్క అని చదువుకున్నా పద్ధతి మారదు.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

• లోపలున్నది కనపడని ఒక గుడ్డ సంచి
• దూది, గులకరాయి, గరుకు కాగితం, కొబ్బరి పీచు, అప్పడం, బెల్లం ముక్క, చిన్న డబ్బాలో ఐసు ముక్క
• పొడుగ్గా కత్తిరించిన కాగితం పట్టీలు ఒక ఇరవై, కత్తెర
• రెండు రంగుల స్కెచ్ పెన్నులు
• గోడకి అంటించడానికి ఒక చార్టు

టైమ్ రోజుకి 15 నిమిషాలు, వారానికి మూడు రోజులు చాలు. అన్ని మెట్లూ అయ్యేసరికి ఐదారు వారాలు పడుతుంది. ఒక్క ఆదివారంలో మొత్తం లాగించేద్దాం అనుకుంటే మాత్రం పిల్లలకి బెల్లం ముక్క తప్ప ఏమీ గుర్తుండదు.

3. మొదటి మెట్టు: సంచి ఆట

సంచిలో ఒక వస్తువు వేసి, కళ్ళు మూసి చెయ్యి పెట్టమనండి. రెండే రెండు ప్రశ్నలు అడగాలి, ఇదే వరసలో.

"దేనిలా ఉంది?"
"ఎందులో?"

దూది పట్టుకుని ఒకడు "మా తాత గడ్డంలా ఉంది" అన్నాడు. ఎందులో అంటే "మెత్తగా, తెల్లగా" అన్నాడు. అంతే, పోలిక వాడి చేతిలోకి వచ్చేసింది, దానికి పేరు పెట్టలేదంతే. కళ్ళు మూసుకున్నవాడికి తెల్లగా అని ఎలా తెలిసింది రా అని నేను అడగలేదు లెండి.

ఈ మొత్తం పద్ధతికి ప్రాణం ఈ "ఎందులో?" అనే ప్రశ్నే. దానికి జవాబు చెప్పలేకపోతే పిల్లాడు పోలికని పట్టలేదన్నట్టే, లా కింద ఎంత చక్కగా గీత గీసినా సరే. జవాబు ఒక్క మాటలో రావాలి: గరుగ్గా, చల్లగా, గుండ్రంగా, తియ్యగా.

నాలుగైదు వస్తువులయ్యాక మూడో ప్రశ్న కలపండి: "ఎందులో కాదు?" దూదికీ తాత గడ్డానికీ ఎందులో కుదరదు? "గడ్డం గీస్తే మళ్ళీ వస్తది, దూది రాదు" అని ఒక పిల్ల చెప్పింది. ఇది సరదాకి అనిపిస్తుంది కానీ రూపకం దగ్గరికి వెళ్ళాక మనల్ని గట్టెక్కించేది ఈ మూడో ప్రశ్నే, కాబట్టి మానొద్దు.

ఇక్కడ పెద్దవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, జవాబు మనమే అందించేయడం. పిల్లాడు ఆలోచిస్తుంటే "మంచులా కదా? మంచులా అను" అంటాం. అనొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. "ఏమో" అంటే రెండు దారులిచ్చి అడగండి: "రాయిలా ఉందా, మేఘంలా ఉందా?" తప్పుదానిలోంచి కూడా "ఎందులో" అడగొచ్చు, కొన్నిసార్లు తప్పు అనుకున్నదానికే మంచి కారణం చెప్తారు.

4. రెండో మెట్టు: ఇంట్లో మాటల వేట

ఒక వారం పాటు ఇంట్లో ఎవరు పోలిక అన్నా పిల్లాడు పట్టుకుని చార్టు మీద రాయించాలి. అమ్మమ్మో నాయనమ్మో ఉన్న ఇల్లయితే మూడు రోజుల్లో చార్టు నిండిపోతుంది. మాకు దొరికినవి కొన్ని: నత్తలా నడుస్తున్నావు, దోసె కాగితంలా వచ్చింది, నీళ్ళు ఐసులా ఉన్నాయి, ఇల్లు అగ్గిపెట్టెలా ఉంది, కోతిలా గెంతకు, అన్నం బంకలా అయింది.

ప్రతిదానికీ పక్కన "ఎందులో" జవాబు రెండో రంగుతో రాయించండి. నత్త: మెల్లగా. కాగితం: పల్చగా. అగ్గిపెట్టె: చిన్నగా.

పోలికలు తేలిక నుంచి కష్టానికి ఈ వరసలో తీసుకెళ్ళండి:

• మొదట కంటికి, చేతికి తెలిసేవి: రంగు, ఆకారం, మెత్తదనం, చల్లదనం
• తర్వాత కదలిక, చప్పుడు: కుందేలులా, రైలులా
• తర్వాత పని: గొడుగులా కాపాడింది
• అన్నిటికన్నా చివర మనసుకి సంబంధించినవి: మాట ముల్లులా గుచ్చుకుంది

ఐదేళ్ళ పిల్లకి ముల్లు లాంటి మాట అర్థం కాకపోతే కంగారుపడకండి, అది ఇంకో రెండు మూడేళ్ళ తర్వాతి పాఠం.

ఇంకో జాగ్రత్త, ఇది గట్టిగా చెప్తున్నా: మనుషుల ఒళ్ళు, రంగు, లావు మీద పోలికలు వద్దు అని మొదటిరోజే రూల్ పెట్టండి. నేను పెట్టలేదు. ఒక పిల్లాడు పక్కవాడి రంగుని దేనితోనో పోల్చాడు, అందరూ నవ్వారు, ఆ పక్కవాడు రెండు వారాలు క్లాసుకి రాలేదు. వస్తువులు, తిండి, జంతువులు, వాతావరణం వీటి మీదే పోలికలు చెప్పించండి, మనుషుల గురించైతే వాళ్ళు చేసే పని మీదే.

5. మూడో మెట్టు: నిజం పోలికా, వట్టి లా నా?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. తెలుగులో లా, నట్టు అనేవి పోలికకి మాత్రమే వాడం, సవాలక్ష పనులకి వాడతాం.

మొదటి రకం, ఇలా, అలా, ఎలా. ఇందులో పోల్చడానికి రెండు వస్తువులే లేవు. "ఎలా ఉన్నావు?" అంటే ఎవర్నీ దేనితోనూ పోల్చట్లేదు.

రెండో రకం, "వాన పడేలా ఉంది". ఇది అంచనా. మబ్బు చూసి చెప్తున్నాం, అంతే.

మూడో రకం, నట్టు. దీంతో కొంచెం చిక్కు. "టీచర్ చెప్పినట్టు రాశా" పోలిక కాదు, "నీకు చెప్పడం గోడకి చెప్పినట్టే" మాత్రం పోలిక. పిల్లలకి ఎలా విడదీసి చెప్పాలా అని చాలా రోజులు తన్నుకున్నా, చివరికి ఒక ప్రశ్న దొరికింది: "అది నిజంగా జరిగిందా?" టీచర్ నిజంగానే చెప్పింది, కాబట్టి పోలిక కాదు. గోడకి ఎవరైనా నిజంగా చెప్పారా? లేదు, కాబట్టి పోలిక. ఎక్కువ వాక్యాల్లో పనిచేస్తుంది. సామెతల్లో చాలావాటికి కూడా సరిపోతుంది, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటే ఎవరూ కొండ తవ్వలేదు కదా.

నాలుగో రకం, "అన్న అచ్చం నాన్నలా పొడుగు". రెండూ ఉన్నాయి, ఎందులో అంటే జవాబూ ఉంది, అయినా అలంకారం కాదు, ఎందుకంటే ఇద్దరూ మనుషులే, ఉన్నదున్నట్టు చెప్తున్నాం. "అన్న కొబ్బరిచెట్టులా పొడుగు" అంటే ఇప్పుడు ఉపమ. రెండూ వేరే వేరే జాతివి అయ్యుండాలి, పిల్లలతో నేను "వేరే గూటివి" అంటాను.

ఐదోది, కంటే. "తేనె కంటే తియ్యగా ఉంది" అంటే అది మించిపోయింది అంటున్నాం, సమానం అనట్లేదు. ఈ వయసులో దాన్ని పక్కన పెట్టేయండి, వేరే డబ్బా అని చెప్తే చాలు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకి ఇంకో గొయ్యి ఉంది. స్కూల్లో లైక్ అనే మాట ఉంటే సిమిలీ అని చెప్తారు, వీళ్ళు "ఐ లైక్ మ్యాంగోస్" కింద కూడా గీత గీసేస్తారు. అక్కడా మందు ఇదే, మామిడిపండుని దేనితో పోల్చారు, ఎందులో అని అడగండి, పిల్లాడే నాలిక కరుచుకుంటాడు.

కాబట్టి ఈ మెట్టుకి చెక్‌లిస్టు, కార్డు మీద రాసి పిల్లాడి చేతికివ్వండి:

☐ రెండు వస్తువులు ఉన్నాయా?
☐ రెండూ వేరే గూటివా?
☐ ఎందులో ఒకటి? ఒక్క మాటలో చెప్పగలనా?

మూడిటికీ టిక్కు పడితేనే గీత గీయాలి.

6. నాలుగో మెట్టు: కత్తెరతో లా తీసేయడం

కాగితం పట్టీ మీద పెద్దక్షరాలతో రాయండి: "చింటూ కుందేలులా పరిగెడతాడు". చదివించండి, మూడు టిక్కులు పెట్టించండి. ఇప్పుడు కత్తెరతో లా నుంచి చివరిదాకా కత్తిరించేయండి. మిగిలింది "చింటూ కుందేలు".

మొదట నవ్వుతారు, తర్వాత ఎవడో ఒకడు "అబద్ధం!" అంటాడు. ప్రతి బ్యాచ్‌లోనూ అంటారు, అనాలి కూడా. అప్పుడు పాత ప్రశ్నలే అడగండి. ఎందులో కుందేలు? పరుగులో. ఎందులో కాదు? చెవుల్లో, తోకలో, క్యారెట్‌లో. అయితే చెప్పినవాడు చెవుల గురించి అన్నాడా, పరుగు గురించా? పరుగు గురించే. అంటే అబద్ధం కాదు, లా దాక్కుంది. మా పిల్లలు రూపకాన్ని ఇప్పటికీ "దాక్కున్న లా" అనే అంటారు.

తెలుగులో ఇది గుర్తుపట్టడం కష్టం ఎందుకంటే "వాడు పులి" అనే వాక్యంలో పట్టుకోడానికి ఏ గుర్తూ లేదు, రెండే మాటలు, "వాడు డాక్టర్" కూడా అచ్చం అలాగే ఉంటుంది. అందుకని లా ని మళ్ళీ పెట్టి చూడటమే పరీక్ష.

• మా అన్న పులి → మా అన్న పులిలాంటివాడు. అర్థం అదే ఉంది, కాబట్టి దాక్కున్న లా.
• మా అన్న డాక్టర్ → మా అన్న డాక్టర్‌లాంటివాడు. అర్థం చెడింది, ఇప్పుడు అన్న డాక్టరే కాకుండా పోయాడు. కాబట్టి మామూలు వాక్యం.

పది పట్టీలు కత్తిరించాక, తిరగేసి చేయించండి. మీరు "ఈ గది కొలిమి" అనండి, పిల్లలు లా అతికించి పూర్తి వాక్యం చెప్పాలి. కొలిమి చూడని పిల్లలైతే "ఈ గది పొయ్యి" అనండి చాలు.

7. ఐదో మెట్టు: పొడుపు కథలు

రూపకానికి మన దగ్గర ఇంతకన్నా మంచి ఆట లేదు. పొడుపు కథలో చాలావరకు ఉపమానం మాత్రమే బయట ఉంటుంది, ఉపమేయం దాచేస్తారు, పిల్లాడు "ఎందులో" ద్వారా దాన్ని పట్టుకోవాలి, అంటే ఇన్నాళ్ళూ చేసినదే తలకిందులుగా చేయడం.

"తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు." విప్పితే అక్షరాలు. చాలామంది ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు, కానీ అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. జత కలిపించండి: పొలం ఏంటి? కాగితం. విత్తనాలు? అక్షరాలు. చల్లడం? రాయడం. ఏరడం? చదవడం. నాలుగు జతలూ గీతలతో కలిపాక, పిల్లలతోనే రెండు వాక్యాలు చెప్పించండి: "అక్షరాలు విత్తనాల్లా ఉన్నాయి", "అక్షరాలు విత్తనాలు". మొదటిది బయట ఉన్న లా, రెండోది దాక్కున్న లా.

"చారెడు కుండలో మానెడు పగడాలు" అంటే దానిమ్మపండు. చారెడు, మానెడు పాత కొలతలని (చారెడు అంటే అరచేతిలో పట్టేంత, మానెడు దానికన్నా చాలా ఎక్కువ), పగడం ఎలా ఉంటుందో తెలియకపోతే ఈ పొడుపు విడదు, కాబట్టి ముందు ఒక ఎర్రపూస చూపించండి, లేదంటే పండే కోసి పెట్టండి.

"కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." కనురెప్పలు. ఇది ఐదేళ్ళవాళ్ళకి కూడా పట్టుబడుతుంది, చెప్తూ కళ్ళు ఆర్పుతారు.

తర్వాత వాళ్ళ చేతే కట్టించండి. ఒక వస్తువు ఇచ్చి, పేరు చెప్పకుండా, లా వాడకుండా చెప్పాలి. ఫ్రిజ్ ఇస్తే ఒక పిల్ల "మా వంటింట్లో తెల్ల ఏనుగు, నోరు తెరిస్తే చలి" అంది. నాకైతే అది పుస్తకాల్లో ఉన్నవాటికి ఏమీ తీసిపోలేదనిపించింది.

8. ఆరో మెట్టు: ఇప్పుడు పేర్లు

ఏడెనిమిదేళ్ళు దాటాక, పై ఐదు మెట్లూ అయ్యాక, ఒక్కరోజులో పేర్లు చెప్పేయొచ్చు. బయట ఉన్న లా పేరు ఉపమ, దాక్కున్న లా పేరు రూపకం. ఉపమేయం, ఉపమానం తికమక పడితే "మనింటిది ఉపమేయం, పిలిచి తెచ్చుకున్నది ఉపమానం" అని చెప్పండి. ఇడ్లీ మనింటిది, మల్లెపూవు చుట్టం.

ఐదో తరగతి దాటిన పిల్లలుంటే సమాసాలు కూడా తగులుతాయి, హైస్కూల్లో ఎలాగూ తప్పవు. అక్కడ "అనే" పెట్టి చూడమనండి. విద్యాధనం అంటే విద్య అనే ధనం, కాబట్టి రూపకం. తేనెపలుకులు అంటే తేనె అనే పలుకులు అంటే కుదరదు, తేనె లాంటి పలుకులు, కాబట్టి ఉపమ వైపు. చిన్నవాళ్ళకి మాత్రం ఇది అస్సలొద్దు.

9. తరచుగా వచ్చే ఇబ్బందులు

ఉన్నదున్నట్టు తీసుకోవడం. ఆకలేస్తోందన్న పిల్లాడితో "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయా" అన్నాను, వాడు భయపడి చొక్కా ఎత్తి చూసుకున్నాడు. నవ్వేసి వదిలేయకండి, ఎలుకలు పరిగెడితే లోపల ఎలా ఉంటుంది, ఆకలేస్తే ఎలా ఉంటుంది, ఎందులో ఒకటి అని అడగండి. గడబిడ అన్నాడు. అర్థమైపోయింది.

చూడని వస్తువుతో పోలిక. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగే పిల్లకి కలువ అంటే ఏంటో తెలీదు, కలువ కళ్ళు ఎలా పట్టుకుంటుంది? ఉపమానం ఎప్పుడూ పిల్లలకి తెలిసిన వస్తువై ఉండాలి, వాళ్ళ ఊళ్ళో కురిసే మంచు, పెరట్లో ఉడత, స్కూల్ బస్సు ఏదైనా సరే. తెలుగు మాట నేర్పడం వేరు, పోలిక నేర్పడం వేరు, రెండూ ఒకేసారి నెత్తిన పెట్టొద్దు.

అన్నిటికీ చందమామే. మొహం చందమామ, ఇడ్లీ చందమామ, ప్లేటు చందమామ. "ఈరోజు చందమామకి సెలవు" అని ప్రకటించండి, పనిచేస్తుంది.

రెండిటినీ కలిపేయడం. ఉపమ అడిగితే రూపకం, రూపకం అడిగితే ఉపమ చెప్తుంటే నాలుగో మెట్టు కత్తెర దగ్గరికి మళ్ళీ వెళ్ళండి, కొత్త ఉదాహరణలు చెప్పకండి.

10. వచ్చిందో లేదో చూసుకోడానికి

పది వాక్యాలు. పిల్లాడు "బయట లా", "దాక్కున్న లా", "పోలిక కాదు" అని మూడు డబ్బాల్లో వేయాలి.

1) పాప గొంతు కోయిలలా ఉంది.
2) రేపు ఊరికి ఎలా వెళ్తారు?
3) మా తాతయ్య నడిచే డిక్షనరీ.
4) అత్త చెప్పినట్టే సంచి తెచ్చా.
5) రోడ్డు పాములా మెలికలు తిరిగింది.
6) తమ్ముడు అచ్చం అమ్మలా ఉంటాడు.
7) ఎండ నిప్పులు చెరుగుతోంది.
8) మామయ్య లారీ డ్రైవర్.
9) బస్సు వచ్చేలా లేదు.
10) మా చెల్లి రాణి.

జవాబులు: 1, 5 బయట లా. 3, 7 దాక్కున్న లా, 7కి మాత్రం రూపకం అని పేరు పెట్టే పని పెట్టుకోకండి, పోలిక దాక్కుందని పట్టుకుంటే చాలు. 2, 4, 6, 8, 9 పోలిక కాదు. ఏడు రైటయితే ముందుకి వెళ్ళొచ్చు, ఐదు కన్నా తక్కువైతే మూడో మెట్టు ఇంకో వారం చేయండి.

10కి నేను దాక్కున్న లా అని రాసుకున్నా. ఒక పిల్ల చెయ్యెత్తి "ఆ చెల్లి పేరే రాణి అయితే?" అంది. అప్పట్నుంచి ఆ వాక్యం పక్కన "చెల్లి పేరు అడుగు" అని రాసి పెట్టుకున్నా.